కుంటే ఎద్దుకు స్టెమ్ సెల్ సూది: మెసేజ్‌లో చెప్పిందెంత, నిజమెంత?

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెలుగులోనూ మరాఠీలోనూ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "కుంటే ఎద్దుకు ఒక్క స్టెమ్ సెల్ సూది వేయిస్తే పదిహేను రోజుల్లో కాడి మోస్తుంది. విదేశాల్లో రేసు గుర్రాలను ఇలాగే బాగు చేస్తారు. ఎంత పాత కుంటైనా, దూడల కీళ్ల వాపైనా పోతుంది. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. సర్కారు డాక్టర్లు ఈ సంగతి మీకు చెప్పరు." జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోది కూడా కొట్టంలోనే ఉండాలి. దుక్కుల రోజుల్లో ఆ ఇంట్లో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ సమయంలోనే ఇలాంటి మాట చెవిన పడుతుంది. కాబట్టి ఇందులోని ఒక్కో మాటా విడదీసి చూడాలి. స్టెమ్ సెల్ అంటే మూలకణం, శరీరంలో ఇతర రకాల కణాలుగా ఎదగగల కణం.

గుర్రాల సంగతి నిజమే. పరుగు పందెం గుర్రాలకు ముందు కాలి వెనక భాగంలో ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) తరచూ దెబ్బతింటుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన రోజర్ స్మిత్ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. గుర్రం రొమ్ము ఎముక నుంచి మూలుగ తీస్తారు. అందులోని మూలకణాలను ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ టెండన్ ఎక్కడ చిరిగిందో సరిగ్గా అక్కడికే ఎక్కిస్తారు. 2012లో ఆ బృందం 113 రేసు గుర్రాల ఫలితాలు ప్రకటించింది. వాటిలో సుమారు 27 శాతానికి టెండన్ మళ్లీ దెబ్బతింది. మామూలు వైద్యంతో సగానికి పైగా గుర్రాలకు మళ్లీ దెబ్బతింటుందని అంతకుముందు లెక్కలు ఉండేవి కాబట్టి ఇది మంచి ఫలితమే. కానీ ఆ పోలిక పాత లెక్కలతో పెట్టింది, అదే సమయంలో వైద్యం లేకుండా ఉంచిన గుర్రాలతో కాదు. పైగా ఇంత పకడ్బందీగా చేసినా నాలుగింట ఒకదానికి పైగా మళ్లీ కుంటాయి. "ఒక్క సూది, ఖాయం" అనేవాళ్లు ఈ లెక్క ఎందుకు చెప్పరు?

ఇక పదిహేను రోజుల మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఆ గుర్రాలకు కణాలు ఎక్కించాక దాదాపు 48 వారాల పాటు లెక్క ప్రకారం వ్యాయామం చేయించారు. మొదట విశ్రాంతి, తర్వాత కాసేపు నడక, ఆపైన నెలలు గడిచేకొద్దీ మెల్లగా పరుగు. చిరిగిన టెండన్‌లో మొదట పుట్టేది బలహీనమైన పీచు. అది గట్టిపడి, లాగే దిశలో వరుసకు రావడానికి నెలలు పడుతుంది. స్టెమ్ సెల్స్ ఆ పనికి తోడ్పడతాయి, వాపును తగ్గించే సంకేతాలు పంపుతాయి. అంతేగాని అవే రెండు వారాల్లో కొత్త టెండన్‌గా మారిపోవు. పదిహేనో రోజున కాడి కడితే, మానుతున్న చోటే మళ్లీ చిరుగుతుంది. సూది వేసిన రెండు రోజులకే ఎద్దు చలాకీగా నడిచిందంటే, అందులో స్టిరాయిడో నొప్పి మందో కలిపారేమోనని అనుమానించాలి. నొప్పి తెలియని ఎద్దు ఆ కాలి మీద పూర్తి బరువు వేస్తుంది. (అలా తెలియకుండా ఎక్కే మందుల్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉంటే అది మరో పాపం. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి.)

అసలు ఆ సీసాలో ఉన్నదేమిటి? ఈ మధ్య అంగడిలో ఒకాయన అమ్ముతుంటే దగ్గర నుంచి చూశాను. వేలెడంత సీసా, లోపల తెల్లటి పొడి. చొక్కా జేబులోంచి తీశాడు. లేబుల్ మీద "స్టెమ్ సెల్" అని, కింద "చల్లని, పొడి చోట ఉంచండి, రెండేళ్లలోగా వాడండి" అని ఉంది. స్టెమ్ సెల్స్ అంటే బతికున్న కణాలు. పని చేయాలంటే అవి ప్రాణంతో ఉండాలి. మన ఊళ్లలో ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లు వీర్యం స్ట్రాలను మైనస్ 196 డిగ్రీల నత్రజని క్యాన్‌లో ఎందుకు పెడతారో పాడి రైతులందరికీ తెలుసు. నత్రజని ఆవిరైపోతే ఆ స్ట్రా దండగే. స్టెమ్ సెల్స్‌ను నిల్వ పెట్టాలన్నా అలాంటి తీవ్రమైన చలే కావాలి. జేబులో తిరిగే పొడిలో బతికున్న కణం ఒక్కటి కూడా ఉండదు.

యూరప్‌లో 2019లో ఆర్టీ-సెల్ ఫోర్టే అనే స్టెమ్ సెల్ మందుకు అనుమతి ఇచ్చారు. అది గుర్రాల కీళ్లకు, అదీ ఇన్‌ఫెక్షన్ లేని వాపుతో ఓ మోస్తరుగా కుంటే వాటికి మాత్రమే. ఎద్దుల మీద గుర్రాలంత పరిశీలన జరగలేదు.

"ఎంత పాత కుంటైనా" అన్న మాట ప్రాణం మీదికి తెస్తుంది. కుంటడం ఒక లక్షణం. దాని వెనక పది కారణాలుంటాయి. చాలాసార్లు గిట్టల సందులో తుమ్మ ముల్లో మేకో దిగి ఉంటుంది, లేదా గిట్ట పెరిగి వంకర తిరిగి ఉంటుంది. నోట్లో పుండ్లు, కారే చొంగ, గిట్టల మధ్య పుండ్లు కనిపిస్తే గాలికుంటు. వెనక కాలు వెనక్కి బిగుసుకుని, గిట్ట కొన నేలను రాసుకుంటూ వచ్చి ఒక్క కుదుపుతో ముందుకు పడుతుంటే, మోకాలి చిప్ప పైకెక్కి ఇరుక్కుంటోందని అర్థం. దానికి అక్కడ మాత్రం మత్తిచ్చి ఒక చిన్న లిగమెంటు (ఎముకలను కలిపే పట్టీ) కోస్తారు. చాలా పశువులు లేచి సరిగ్గా నడుస్తాయి. ఇక వానలు మొదలైన కొత్తలో, పుష్టిగా ఉన్న కుర్ర కోడె ఉన్నట్టుండి కుంటి, జ్వరంతో ఒళ్లు కాలిపోతూ, తొడ మీదో జబ్బ మీదో వాపు వచ్చి, నొక్కితే చిటపటమంటే అది జబ్బవాపు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. స్టెమ్ సెల్ సూది వేసేవాడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే సమయం అది కాదు. పెన్సిలిన్ ఎంత త్వరగా పడితే అంత ఆశ.

దూడల కీళ్ల వాపు కూడా అంతే. పుట్టిన కొద్ది రోజులకే కీళ్లు వాచాయంటే ఎక్కువగా బొడ్డు నుంచి ఎక్కిన ఇన్‌ఫెక్షనే కారణం. దానికి యాంటీబయాటిక్ కావాలి. ఇన్‌ఫెక్షన్ ఉన్న కీలులో స్టెమ్ సెల్స్ ఎక్కించరు.

సైడ్ ఎఫెక్ట్స్ లేవన్నదీ అబద్ధమే. అసలైన మందు వేసినా కొన్ని గుర్రాల్లో కీలు కొన్నాళ్లు వాస్తుంది, కుంటు కాస్త పెరుగుతుంది. శుభ్రత లేని సూదితో కీలులోకి క్రిమి వెళితే ఆ కీలు శాశ్వతంగా పోవచ్చు.

సర్కారు డాక్టరు దాస్తున్నదేమీ లేదు. కణాలు పెంచే ల్యాబ్ తాలూకా ఆసుపత్రిలో ఉండదు కాబట్టి ఆ వైద్యం ఆయన చేయలేరు. గిట్ట ఎత్తి చూడగలరు, చిప్పకు ఆపరేషన్ చేయగలరు. లేదా పర్భణీ, ఉద్గీర్ పశువైద్య కళాశాలలకు పంపగలరు. బండి కట్టే వీలు లేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం కోసం అడగండి. డాక్టరు వచ్చేలోపు గిట్ట కడిగి సందులు చూడండి. ఏ కాలు, ఎప్పటి నుంచి, జ్వరం ఉందా, మేత తింటోందా అన్నవి గుర్తు పెట్టుకుని చెప్పండి. ఈలోగా ఎవరో చెప్పారని వాతలు మాత్రం పెట్టించకండి.