నాలుగు వైర్లతో జావా నడవదు

"పాత బండికి కంపెనీ వైరింగ్ దండగ. బ్యాటరీ పీకేసి కెపాసిటర్ పెట్టండి, ఎర్త్ వైర్లు కత్తిరించండి, ఫ్యూజు తీసేయండి, పాత రెగ్యులేటర్, కటౌట్ బదులు ఒక ఎలక్ట్రానిక్ డబ్బా పెట్టండి, మిగిలిన నాలుగు వైర్లు ఎంత సన్నవైనా చాలు." ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. జావా, యెజ్దీ, బుల్లెట్, అన్నిటికీ ఒకటే మందట. 1960ల నాటి మైసూరు జావా 250ని ముందు పెట్టుకుని ఒక్కో మాటే చూద్దాం.

"బ్యాటరీ ఎందుకు? ఆర్ఎక్స్100 అది లేకుండానే నడవట్లేదా?" నడుస్తుంది. దాని సీడీఐకి (స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బాకి) కావలసిన కరెంటు ఇంజిన్‌తో తిరిగే మాగ్నెటోలోని కాయిల్ నుంచే వస్తుంది కాబట్టి స్పార్కుకి బ్యాటరీతో పని లేదు. జావాలో ఉన్నది 6 వోల్టుల డైనమో. కిక్ కొట్టేటప్పుడు పాయింట్ల (స్పార్కు వేళకి కరెంటుని తెంపే చిన్న స్విచ్) మీదుగా ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లేది బ్యాటరీ కరెంటే. డైనమో తిరిగి వోల్టేజీ పుంజుకునేదాకా కటౌట్ అనే ఆటోమేటిక్ స్విచ్ దాన్ని లైన్లో కలపనే కలపదు. పోనీ, కరెంటుని కాస్త దాచుకునే 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని ముందే 6 వోల్టులకి నింపి పెట్టారనుకుందాం. మూడు ఆంపియర్లు లాగే కాయిల్ దాన్ని సెకనులో యాభయ్యో వంతుకే దాదాపు ఖాళీ చేసేస్తుంది. ఇక కిక్ కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టడమే. కెపాసిటర్ కిట్టు పూర్తిగా కల్పితమేమీ కాదు. లూకాస్ కంపెనీ 1960లలోనే 2ఎంసీ పేరుతో ఒకటి ఇచ్చింది. అయితే అది డైనమో బదులు ఏసీ కరెంటు పుట్టించే 12 వోల్టుల ఆల్టర్నేటర్ ఉన్న బ్రిటిష్ బళ్ల కోసం. మెసేజ్‌లో ఆ ముక్క ఎగిరిపోయింది.

"ఎర్త్‌కి చాసిస్ ఉందిగా." ఎర్త్ అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. అసలు తంటా అంతా ఇక్కడే. హెడ్‌లైటు ఉండేది ఫోర్కు మీద. ఫోర్కుకీ చాసిస్‌కీ మధ్య ఉన్నవి హ్యాండిల్ తిరగడానికి గ్రీజులో మునిగి ఉండే కోన్‌సెట్ గోళీలు. ఎర్త్ వైరు కత్తిరిస్తే హెడ్‌లైటు కరెంటు తిరిగి రావడానికి ఆ గోళీలు, క్లచ్, బ్రేకు కేబుళ్లే దారి. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా లైటు మిణుకుమంటుంది, గోళీల మీద గుంటలు కూడా పడొచ్చు. దీనికి తోడు ఇప్పుడు బండి రీస్టోర్ చేస్తే పౌడర్ కోటింగ్ తప్పనిసరి అయిపోయింది. ఆ పూత కరెంటుని పోనివ్వదు. బోల్టు కింద నాణెమంత మేర గీకకపోతే ఎర్త్ అందదు. చూపులకి ఎంత కొత్తగా మెరిసే బండికి అంత గుడ్డి దీపం! ఓనరేమో బల్బు మారుస్తాడు, స్విచ్ మారుస్తాడు, చివరికి పాపం డైనమో విప్పుతాడు. హెడ్‌లైటు డూమ్ నుంచి, ఇంజిన్ నుంచి, చాసిస్ నుంచి తలా ఒక వైరు తెచ్చి బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ దగ్గర కలపడమే దీనికి విరుగుడు. అంటే వైర్లు పెరుగుతాయన్నమాట. పెరగనివ్వండి. వైరింగ్‌లో తగ్గించాల్సినవి అతుకులు.

"6 వోల్టులేగా, సన్న వైరు చాలు." ఇది తలకిందుల లెక్క. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద మూడు ఆంపియర్లు లాగితే, 6 వోల్టుల మీద ఆరు లాగుతుంది. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు రెండు మీటర్లు వేస్తే దాదాపు 0.4 వోల్టు దారిలోనే పోతుంది. వెలుతురులో ఐదో వంతు దానికే హరీ. 1.5 వేయండి.

ఫ్యూజు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. డైనమో చిన్నదే కావచ్చు, షార్ట్ అయితే బ్యాటరీ చిన్నదేం కాదు. వైరు పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచి. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం: వోల్టేజీని అదుపులో పెట్టే పాత మెకానికల్ రెగ్యులేటర్, కటౌట్ పీకేసి ఒకే ఎలక్ట్రానిక్ డబ్బా పెట్టొచ్చు. అది నేనూ పెట్టమంటాను. కాకపోతే డైనమోకి పనికొచ్చేదే కొనాలి, ఆల్టర్నేటర్‌ది దీనికి నడవదు.

వైరింగ్ మీద కత్తెర పెట్టేముందు హెడ్‌లైటు వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ, రెండో కొస బల్బు హోల్డర్ ఒంటికీ ఆనించండి. 0.2 వోల్టు దాటిందా, ముందు ఎర్త్ సరిచేయండి.