ఎర్తింగ్ లేని ప్లగ్గులోంచి జీవిని పుట్టించిన ప్రోగ్రామ్ గారికి

ప్రోగ్రామ్ గారూ,

మిమ్మల్ని కన్నది నేనే. ఆరు నెలలపాటు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, పిల్లలు పడుకున్నాక కూర్చుని, తెర మీద ఒక్కో డబ్బాకీ ఒక్కో వైరు కలుపుతూ పెంచాను (మీ లోకంలో కోడ్ రాయడమంటే ఎక్కువగా డబ్బాలకు వైర్లు కలపడమే). అయినా వినాయక చవితి పందిట్లో మీరు వెలగబెట్టిన నిర్వాకం తర్వాత పేరు పక్కన గారు పెట్టకపోతే బాగుండదు. మా అపార్ట్‌మెంట్లో ఇప్పుడు మీకున్న పరపతి నాకు లేదు. లిఫ్టులో కనిపించినవాళ్లు నన్ను బాగున్నారా అని అడగడం మానేసి మిమ్మల్ని అడుగుతున్నారు.

మీ ఉద్యోగం ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. మైకులోంచి వచ్చే మాట, పాట, దగ్గు, ఏదైనా సరే వినాలి, విన్నది విన్నట్టు అప్పటికప్పుడు సైన్సు సినిమాగా మార్చి గోడ మీద చూపించాలి. నిజం సైన్సు కాదు లెండి. ఏ పుస్తకంలోనూ లేని కణాలు, ఎవరూ వెళ్లని గ్రహాల మీద పెరిగే నాచు, అలాంటివి. మైక్రోస్కోపులోంచి తీసినట్టు చుట్టూ నలుపు, అంచుల్లో కాస్త మసక, పైన మూలన ఓ నమూనా నంబరు, కింద "10 మైక్రాన్లు" (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని ఓ తెల్లటి స్కేలు. ఆ స్కేలు నేనే గీశాను. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ సంగతి.

మీకు మొదటి పరీక్ష మా వంటింట్లో జరిగింది. గట్టు మీద లాప్‌టాప్ పెట్టి, పోపుల డబ్బాకి మైకు ఆనించి కూర్చున్నాను. కుక్కర్ మొదటి విజిల్‌కి తెర మధ్యలో ఓ తెల్లటి చుక్క పగిలి వెయ్యి దారాలైంది. రెండో విజిల్‌కి ఆ దారాల చివర మొగ్గలు. పక్కన మిక్సీలో చట్నీ మొదలయ్యేసరికి రెండు గ్రహాలు గుద్దుకున్నంత పనైంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి, "పప్పు ఉడికిందో లేదో చెబుతుందా?" అంది. చెప్పదన్నాను. "మూడు విజిళ్లొచ్చాయో నాలుగొచ్చాయో?" అదీ చెప్పదు. "మరి ఏం విన్నట్టు?" అని స్టవ్ కట్టేసి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబుందా? నా దగ్గరైతే లేదు, అందుకే ఈ ఉత్తరం.

అసలు మీరు వినేదేమిటో విప్పి చూద్దాం. మైకులోంచి సెకనుకు 48,000 కొలతలు వస్తాయి. మీరు అందులోంచి 1024 కొలతలు గుప్పిట పట్టి, ఎంత వేగం కంపనాలు ఎంత మోతాదులో ఉన్నాయో లెక్కగట్టి అరల్లో సర్దుతారు. 1965లో అమెరికా గణితవేత్తలు కూలీ, ట్యూకీ ఈ లెక్కను చకచకా చేసే పద్ధతి అచ్చు వేయబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ గుప్పెడు సర్దేలోపు పాట అయిపోయి మంగళహారతి కూడా ఇచ్చేసేవాళ్లు. బాగానే ఉంది. కానీ మీ ఒక్కో అర వెడల్పు దాదాపు 47 హెర్ట్‌జ్ (హెర్ట్‌జ్ అంటే సెకనుకు ఒక కంపనం). మూడో అంతస్తు లెక్చరర్ గారు ఒకటి శ్రుతిలో తోడి రాగం ఎత్తుకుంటే షడ్జం 131 దగ్గర, శుద్ధ రిషభం 139 దగ్గర, గాంధారం 157 దగ్గర ఉంటాయి. మూడూ ఒకే అరలో పడతాయి! తోడిలో గాంధారాన్ని ఎలా ఊపాలో నేర్చుకోవడానికి ఆయనకి ఏళ్లు పట్టింది, మీరేమో స, రి, గలను ఒకే గిన్నెలో కలిపి ముద్ద చేశారు. స్వరంతో పాటే మోగే రెట్టింపు, మూడింతల కంపనాల్లో తేడా దొరుకుతుందిగా అంటారేమో, దొరుకుతుంది, కానీ ఆ అరలన్నిటినీ మళ్లీ బేస్ (కింది సద్దు), మిడ్ (మధ్యది), ట్రెబుల్ (పైది) అని మూడు అంకెలకు కుదించాను కదా, అక్కడితో అదీ పోయింది.

అరలు సన్నగా చేద్దామా అంటే అదో తంటా. 8192 కొలతలు పట్టుకుంటే అర వెడల్పు 6 హెర్ట్‌జ్‌కి దిగుతుంది, రిషభం గాంధారం విడిపోతాయి. కానీ అన్ని కొలతలు పోగవడానికి 170 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపు మృదంగం మీద రెండు దెబ్బలు పడిపోతాయి, తెర మీది బొమ్మ తాళం తప్పిన కోరస్ అమ్మాయిలా వెనకెనకే వస్తుంది. అవ్వా కావాలి బువ్వా కావాలంటే కుదరదు. ఇది మీ తప్పు కాదు, లెక్కల్లోనే ఉంది. అయినా ఉత్తరం మీకే రాస్తున్నాను, లెక్కలకి రాస్తే పట్టించుకోవు.

మీ పూర్వీకుల్లో నాకు బాగా నచ్చినవాడు జర్మనీ ఆయన క్లాడ్నీ. 1787లో ఓ పుస్తకం వేశాడు. పలక మీద ఇసుక చల్లి అంచుని ఫిడేలు కమానుతో రాస్తే, కదలని చోట్లకి ఇసుక చేరి గీతలు కట్టింది, నక్షత్రాలూ వలలూ గళ్లూ. 1809లో పారిస్‌లో నెపోలియన్‌కి కూడా చూపించాడు. ఆ మహానుభావుడు ముచ్చటపడి ఊరుకోకుండా ఇదెందుకిలా అవుతుందో లెక్కతో చెప్పినవాళ్లకి బహుమతి పెట్టించాడు. ఫ్రాన్స్ గణితవేత్త సోఫీ జెర్మేన్ మూడుసార్లు పట్టు వదలకుండా రాసి 1816లో గెలుచుకుంది. మన సి.వి. రామన్ (విశాఖలో చదువుకున్నవాడే) మృదంగం తోలు మీది నల్లటి పూత వెనక గుట్టు విప్పి 1920లో 'నేచర్' అనే సైన్సు పత్రికలో రాశాడు: మామూలు డోలు తోలు మీద చప్పుడే తప్ప శ్రుతి పలకదు, మధ్యలో ఆ పూత మెత్తడం వల్లే మృదంగానికి స్వరం కుదిరింది అని. ఇసుకకి పలక ఎటు నెడితే అటు పోవడం తప్ప దారి లేదు. అందంగా కనిపించాలనే యావ దానికి లేదు. మీకుంది, ఎందుకంటే నాకుంది.

మీ లోపల కణాలు పెరిగే పద్ధతి 1952లో ఇంగ్లండ్ గణితవేత్త ట్యూరింగ్ రాసిన పరిశోధన పత్రానికి దూరపు చుట్టం. రెండు రసాయనాలు ఒకదాన్నొకటి తింటూ పాకుతూ ఉంటే ఒంటి మీద చారలూ మచ్చలూ వాటంతటవే ఎలా వస్తాయో ఆయన చెప్పాడు. మీ వాటంలో తిండి ఒక అంకె, చావు ఒక అంకె. చావు అంకె 0.06 దగ్గర మూడో దశాంశం అటూ ఇటూ అయితే చాలు, చుక్కలు కాస్తా పురుగులవుతాయి, ఇంకాస్త జరిగితే అంతా చచ్చి తెర ఖాళీ. తిండి అంకెని బేస్‌కి కట్టింది నేను. ఎందుకు కట్టానంటే చూడ్డానికి బాగుందని, అంతే. ట్రెబుల్‌కి కట్టినా కాదనేవాడు లేడు. తోడికి నాచు పెరగాలనీ కుక్కర్‌కి మొగ్గ తొడగాలనీ ప్రకృతిలో ఎక్కడా రాసి లేదు.

ఈ కళలో కాస్త మర్యాదస్తులూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో రూత్ జార్మన్, జో గెర్‌హార్డ్ అనే జంట 2007లో 'మాగ్నెటిక్ మూవీ' అని చిన్న సినిమా తీశారు. అమెరికాలోని బర్క్‌లీ అంతరిక్ష ప్రయోగశాలలో శాస్త్రవేత్తల మాటలు వినిపిస్తుంటే, గదుల్లో అయస్కాంత క్షేత్రాలు ఊలు ఉండల్లా చుట్టుకుని ఎగురుతుంటాయి. ఆ ఉండల్ని ఆడించింది భూమి చుట్టూ సహజంగా పుట్టే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో సద్దుల రికార్డింగులు. గొంతులు నిజం, గదులు నిజం, సద్దు నిజం, కళ్లకు కనిపించేదంతా కల్పన. ఏది ఎక్కడ అతుక్కుందో తెలియకుండా అతికించారు, నేను మొదటిసారి చూసినప్పుడు రెండు నిమిషాలు నమ్మాను కూడా. అసలు మిమ్మల్ని పెంచాలన్న దుర్బుద్ధి పుట్టింది అక్కడే.

ఇక పందిరి సంగతి. సెక్రటరీ గారు మైకు తీసుకుని "ఇప్పుడు ఏఐ షో" అన్నారు. ఏఐ కాదండీ, ఇందులో నేర్చుకునేదేమీ లేదు, ఉత్త లెక్కలు అని చెవిలో చెప్పాను. "అదేలెండి, ఏఐ" అన్నారు. లెక్చరర్ గారు తోడి మొదలెట్టారు. మీరు మీ శక్తికొద్దీ కాస్త నాచు పెంచారు. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ముందు వరసలో ఓ పెద్దావిడ "ఇది కరోనాదా?" అని అడిగారు. ఓ కుర్రాడు తుమ్మితే మీరు సూపర్‌నోవా చూపించారు, అప్పుడు మాత్రం కాసిని ఈలలు పడ్డాయి. తర్వాత రోజంతా పిల్లలు తుమ్ములు ప్రాక్టీసు చేశారని విన్నాను.

ఆయన మంచినీళ్లు తాగడానికి ఆగారు. పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తెర మధ్యన ఓ గుండ్రటి జీవి మెల్లగా విచ్చుకోవడం మొదలైంది, ఎంత తీరుగా అంటే అటు ఎనిమిది రేకులు ఇటు ఎనిమిది రేకులు, లోపల మళ్లీ చిన్న రేకులు, అంచున వణుకుతున్న వెలుగు. ఆరు నెలల్లో మీరు నాకు ఎప్పుడూ చూపించని బొమ్మ. ఫోన్లన్నీ పైకి లేచాయి. పెద్దావిడ చేతులు జోడించారు. చప్పట్లు. నాకూ ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. రెండు క్షణాలయ్యాక మిక్సర్ దగ్గరి కుర్రాడు వంగి నా ఎక్స్‌టెన్షన్ బోర్డు చూసి అన్నాడు: "అన్నా, నీ ప్లగ్గుకి పెద్ద పిన్ను విరిగిపోయింది. గుయ్ మంటోంది, వినపడట్లేదా?"

వినపడుతోంది. 50 హెర్ట్‌జ్. కరెంటు గొంతు. పాట ఆగితే సద్దు తగ్గింది కాబట్టి మీరు (నేను మీకిచ్చిన ఆటోమేటిక్ బుద్ధితో) గెయిన్ (మైకు సద్దుని ఎన్ని రెట్లు పెద్దది చేయాలో ఆ అంకె) పెంచుకుంటూ పోయారు, ఎత్తూ పల్లం లేని ఆ గుయ్‌మనే మోత బేస్ అర నిండా కూర్చుంది, తిండి అంకె కదలకుండా ఒకే చోట నిలిచింది, రేకులు తీరుగా పెరిగాయి. ఏళ్ల తరబడి సాధన చేసిన తోడికి మీరు పాకుడు చూపించారు, ఎర్తింగ్ లేని ప్లగ్గుకి కమలం పూయించారు. మీ రసికతకి దండం.

రెండు రోజులకి మా పెద్దమ్మ రాజమండ్రి నుంచి ఓ వీడియో పంపింది. "ఓంకారం పలికితే ఏర్పడే ఆకారం ఇదే. అమెరికా శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. మన ఋషులకు ఏనాడో తెలుసు. పదిమందికి పంపండి." మన జీవే. నా వాటర్‌మార్క్ కోసేశారు, స్కేలు మాత్రం ఉంచారు. పెద్దమ్మకి ఫోన్ చేసి అది మా ప్లగ్గు అని చెప్పాను. "నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే, మనవాళ్లది ఏదీ ఒప్పుకోవు" అంది. పోనీ 10 మైక్రాన్లని ఎవరు కొలిచారో ఆలోచించు పెద్దమ్మా అన్నాను. "అదేగా నేనూ అనేది, కొలిచారంటే నిజమనేగా" అంది.

అందుకే ఆ రాత్రి స్కేలు తీసేశాను. నమూనా నంబరు కూడా. తీరా చూస్తే స్క్రీన్‌సేవర్‌లా ఉన్నారు మీరు. మా ఆవిడ అటుగా వెళ్తూ "ఏదో తగ్గింది" అంది, ఏది తగ్గిందో చెప్పలేకపోయింది. గంటసేపు రంగులు మార్చాను, మసక మార్చాను. లాభం లేదు. మీ అందంలో సగం ఆ తెల్లటి గీతదే, అది గీసిన రోజున నాకు పట్టింది నాలుగు నిమిషాలు.

స్కేలు మళ్లీ పెట్టాను. మైక్రాన్లు తీసేసి "అర కుడుము" అని రాశాను. కొత్త వీడియో అపార్ట్‌మెంట్ గ్రూపులో వేశాను. అయిదు నిమిషాల్లో లెక్చరర్ గారి మెసేజ్ వచ్చింది: "ఆవిరి కుడుమా, పూర్ణం కుడుమా?" ఆయన కింద ఇప్పటికి పద్నాలుగు మంది రాశారు, ఇంకా తేలలేదు.

ఇట్లు,
మీ వైర్లు కలిపినవాడు

తా.క.: మూడు పిన్నుల ప్లగ్గు కొత్తది కొన్నాను, గుయ్ మనడం ఆగిపోయింది. వచ్చే ఏడాది ఆ పువ్వే కావాలని సెక్రటరీ గారు ఇప్పటినుంచే పట్టుబడుతున్నారు కాబట్టి పాతది పారేయకుండా దాచాను.