సవరణ: గుండె ఆగి కోలుకున్న పిల్లలకు 3 నెలల చెకప్ చాలదు

చెన్నైలోని తెలుగు తల్లిదండ్రుల కోసం పెట్టిన గత పోస్టులో "డిశ్చార్జి నాటికి నడక, మాట మామూలుగా ఉంటే 3 నెలల చెకప్ చాలు" అని రాశాం. అది తప్పు. ఆక్సిజన్ అందక మెదడుకు తగిలిన దెబ్బ అప్పుడే బయటపడకపోవచ్చు. రెండేళ్ల పాపకు ఏకాగ్రతతో పనేముంది? ఎక్కాలు, డిక్టేషన్ మొదలయ్యాకే లోటు తెలుస్తుంది. అప్పుడు బద్ధకమని తిట్టేస్తారు. ఏడాదికోసారి, బడిలో చేర్చేముందు మరోసారి న్యూరోసైకాలజీ పరీక్ష (మెదడు పనితీరును ప్రశ్నలు, చిన్న పనులతో కొలిచే పరీక్ష) చేయించండి. మొత్తం ఐక్యూ బాగున్నా జ్ఞాపకం, శ్రద్ధ, ఆలోచించి స్పందించే వేగం విడివిడిగా చూడమనండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లిషు ఉన్న పిల్లలకు బాగా వచ్చిన భాషలోనే పరీక్ష పెట్టాలి, లేకపోతే స్కోరు తప్పుగా తగ్గుతుంది. గుండె ఎన్ని నిమిషాలు ఆగిందో డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోండి.