‘క్రిస్మస్‌కల్లా’ గారికి ఒక ఉత్తరం

శ్రీయుత ‘క్రిస్మస్‌కల్లా’ గారికి,

నమస్కారం. మీరు మనిషి కాదు, ఒట్టి మాట. అయినా ఏ జనరల్ కంటే తక్కువ సర్వీసు చేశారని? అందుకే గారు అంటున్నాను.

1914 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు, మీ వైభవమే వైభవం. యుద్ధం క్రిస్మస్‌కల్లా అయిపోతుందని లండన్‌లో మీరే, బెర్లిన్‌లోనూ మీరే. జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ మీకంటే తొందరమనిషి. చెట్ల ఆకులు రాలేలోపే ఇంటికొచ్చేస్తారని సైనికులకు చెప్పాడంటారు. ఇరుపక్షాలూ గెలిచి ఒకే పండక్కి ఇంటికెలా వస్తాయండీ అని మిమ్మల్ని నిలదీసినవాళ్లు తక్కువ. పెళ్లి ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారికి కూడా మావాళ్లు ఇంతకంటే ఎక్కువ అడ్డు ప్రశ్నలు వేస్తారు.

ఇవాన్ బ్లోక్ అని పోలండ్ బ్యాంకరొకడు 1898లోనే మొత్తుకున్నాడు. ఇకమీదట యుద్ధమంటే కందకాల్లో కూరుకుపోవడమే, సైనికుడికి తుపాకి ఎంతో పారా అంతే అని. పాపం, ఆరు సంపుటాలు రాశాడు. మీరు ఒక్క మాట. జనం ఎవరిని నమ్ముతారు?

లండన్‌లో యుద్ధమంత్రి కిచెనర్ కూడా కనీసం మూడేళ్లు పడుతుందనే అన్నాడు. ఆయన కొత్త సైన్యంలో చేరిన కుర్రాళ్లు ఒప్పుకున్న షరతు ఏమిటో తెలుసా? ‘మూడేళ్లు, లేదా యుద్ధం ముగిసేదాకా’. వీధిలో మీ పేరు, ఫారంలో మూడేళ్లు! అయినా సంతకం పెట్టేటప్పుడు షరతులు చదివేదెవరు? బ్యాంకు లోను తీసుకున్న నేను వాళ్లను అనకూడదు.

తీరా మీ పండగ వచ్చింది. ఆ రోజు కొన్నిచోట్ల రెండువైపుల సైనికులూ కందకాల్లోంచి బయటికొచ్చి నడిమధ్య కలుసుకుని చేతులు కలిపారు, సిగరెట్లు మార్చుకున్నారు. ఇళ్లకు మాత్రం వెళ్లలేదు. మళ్లీ కందకాల్లోకే.

మరుసటి ఏడు కార్ల హెన్రీ ఫోర్డ్ మిమ్మల్ని నెత్తికెత్తుకున్నాడు. క్రిస్మస్‌కల్లా కుర్రాళ్లను కందకాల్లోంచి ఇంటికి చేరుస్తానని డిసెంబరు 4న శాంతి ఓడ ఎక్కాడు. నార్వే చేరేసరికి జబ్బుపడి, పండగ ముందే తిరుగుదారి పట్టాడు. మీ మాట మీద బయల్దేరి ఇంటిదారి పట్టింది ఆయనొక్కడేనేమో.

నవ్వొచ్చేది అసలు 1918. నవంబరు 11న యుద్ధం నిజంగానే ఆగింది. సరిగ్గా నెలన్నర టైముంది మీకు. అప్పుడూ చేతకాలేదు! 1919 జనవరిలో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ రేవులో వేలమంది బ్రిటిష్ సైనికులు, మళ్లీ ఫ్రాన్సుకు ఓడ ఎక్కేది లేదని మొండికేశారు.

ఇన్ని జరిగాక మీరు రిటైరై ఉంటారనుకున్నాను. 1950 నవంబరులో కొరియా యుద్ధంలో అమెరికా జనరల్ మెకార్థర్ గారి నోట ప్రత్యక్షమయ్యారు. ఈ దాడి నెగ్గితే సైనికుల్లో కొందరిని క్రిస్మస్‌కల్లా ఇంటికి పంపుతానన్నాడు. దాడి మొదలైన మర్నాడే చైనా సైన్యం విరుచుకుపడింది. డిసెంబరు 24న, అంటే పండగ ముందురోజున, ఉత్తర కొరియాలోని హుంగ్నామ్ రేవు నుంచి, వెనక్కి తగ్గిన సైన్యంతో చివరి ఓడలు కదిలాయి. టైముకే అనుకోండి. కాకపోతే అవి వెళ్లింది ఇంటికి కాదు, దక్షిణ కొరియాలోని బూసాన్‌కి. కాల్పుల విరమణ 1953 జులైలో.

మీకు మా వీధి దర్జీతో చుట్టరికం ఉందా? ఆయనా ‘సంక్రాంతికల్లా’ అంటాడు గానీ ఏ సంవత్సరమో చెప్పడు.

ఇట్లు,
సంక్రాంతి చొక్కా ఉగాదికి అందుకున్న ఒకడు