చెంచాడు పసుపు, మూడు గ్రాముల మందు

మైదుకూరు పక్కన మా చేలో పసుపు పండుతుంది. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి కళ్లంలో ఎండబోశాక, మా నాయన ఒక కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూసేవాడు. ఆ పసుపు మీద గురి నాకు పుట్టుకతో వచ్చింది. అందుకే అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు అని డాక్టరు పేగు వాపు తగ్గించే మెసాలమీన్ మాత్రలు రాసిచ్చినా, కాస్త నెమ్మదించగానే వాటిని ఆపేసి, అమ్మ పంపిన పసుపు పాలలో కలుపుకుని తాగాను. ఆరో వారంలో మళ్లీ మలంలో నెత్తురు పడింది. తప్పు నాదే.

పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థానికి పేగు వాపును తగ్గించే గుణముంది. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, మెసాలమీన్ వాడుతున్నా తగ్గని 50 మందిలో 26 మందికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. నెల తిరిగేసరికి 14 మందికి జబ్బు సద్దుమణిగింది. మందు లేని ఉత్త మాత్రలు మింగిన 24 మందిలో ఒక్కరికీ సద్దుమణగలేదు. 2006లో జపాన్ వాళ్లు జబ్బు నెమ్మదించినవాళ్లకు ఆరు నెలలు రోజుకు 2 గ్రాములు ఇస్తే, తిరగబెట్టడం తగ్గింది. రెండుచోట్లా అసలు మందు ఎవరూ మానలేదు. నేను పట్టించుకోనిది సరిగ్గా అదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకు 450 మిల్లీగ్రాములే ఇచ్చి చూస్తే, ఉత్త మాత్రకన్నా మేలేమీ కనబడలేదు.

మన వంటింటి లెక్క చూడండి. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూగా. 3 గ్రాములు కావాలంటే రోజుకు నూరు గ్రాముల పొడి మింగాలి. నా పాలగ్లాసులో పడింది ఒక్క చెంచా!

పోనీ క్యాప్సూళ్లు వేసుకుందామంటే వాటితోనూ జాగ్రత్త కావాలి. ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపినవి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. అయినా కర్క్యుమిన్‌లో ఎక్కువ భాగం రక్తంలోకి పోకుండా పేగులోనే ఉండిపోతుంది. మన పుండు ఉన్నదీ అక్కడే కదా, మిరియాలతో పనేముంది?

సంఘం భోజనాల దగ్గర ఎవరైనా "ఆ మాత్రలెందుకబ్బా, పసుపు చాలు" అన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. అమ్మ పసుపు ఇప్పటికీ వస్తుంది, పప్పులో పడుతుంది. మెసాలమీన్ పొద్దున్నే వేసుకుంటున్నాను. కర్క్యుమిన్ క్యాప్సూల్ డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాను. ఆస్పత్రిలో నా మందుల పట్టీలో దాని పేరూ రాయించాను.