కొత్త రోటర్ గారికి, పాత బండివాడు రాయునది

మహారాజశ్రీ కొత్త రోటర్ ఆర్మ్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలతో రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమసమాచారం అడగనవసరం లేదు. తమరిని బండిలోంచి ఊడదీసి, బల్లమీద ఎదురుగా పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చూడ్డానికి మాత్రం నవనవలాడుతున్నారు. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, నెత్తిన ఇత్తడి రేకు, దాన్ని పట్టి ఉంచడానికి ఒక రివెట్. ఆ రివెట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మా బండి 1971 నాటి ఎంజీబీ. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన చిన్న స్పోర్ట్స్ కారు, అన్ని రకాలూ కలిపి 5 లక్షల పైచిలుకు. నలభై ఏళ్లు దాటిన ముసలిది కదా అని ఇక్కడి బ్రిటన్ ప్రభుత్వమే దానికి రోడ్డు ట్యాక్సు మాఫీ చేసింది. దయ చూపనిది తమరొక్కరే. తమరి నివాసం డిస్ట్రిబ్యూటర్, అంటే మన మెకానిక్‌ల భాషలో డెల్కో. బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ నుంచి వేల వోల్టుల కరెంటు తమరి నెత్తిమీదికి దిగుతుంది. గిరగిరా తిరుగుతూ నాలుగు ప్లగ్గులకూ వరసగా అందించాలి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే తమరు అందులో సగం తిరిగి, సెకనుకు వంద రవ్వలు పంచాలి. అంతే ఉద్యోగం. వేరే బాధ్యతలేమీ లేవు.

పోయిన వేసవిలో బండికి దాని పుట్టిల్లు అబింగ్డన్ చూపించి వద్దామని బయల్దేరాం. (ఫ్యాక్టరీ 1980లోనే మూసేశారు, అయినా ఊరైతే ఉంది కదా.) మోటర్‌వే మీద ఇంజిన్ బాగా వేడెక్కాక, దగ్గూ లేదు తుమ్మూ లేదు, టక్కున ఆగిపోయింది. పెట్రోలుంది, బ్యాటరీ ఉంది, కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే పాయింట్లు బాగున్నాయి. రికవరీ వ్యాన్ తెచ్చిన పెద్దాయన బోనెట్ వైపు చూడకుండానే అడిగిన మొదటి మాట: "ఈమధ్య కొత్తగా ఏం వేశారు?"

డెల్కో క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో తమరి ఇత్తడి రేకుకు కాస్త పైన పట్టుకుని, నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. తమరు నిక్కచ్చి మనిషైతే అక్కడ రవ్వ ఎగరకూడదు, ఎందుకంటే తమరిలోంచి కరెంటు బయటికి పోయే దారే ఉండకూడదు. టిక్ టిక్ టిక్ మంటూ వరసగా రవ్వలు. ఆ రివెట్ కింద ప్లాస్టిక్‌ను తొలుచుకుని నేరుగా షాఫ్టులోకి, అక్కణ్నుంచి ఇంజిన్ ఒంట్లోకి. ప్లగ్గులకు చేరాల్సిన సరుకు రేషన్ బియ్యంలా మధ్యలోనే దారి మళ్లింది. ఆయన తన టూల్‌బాక్సులోంచి, ఏ తుక్కు బండిలోదో, అంచులు కాలి నల్లబడ్డ పాత రోటర్ ఒకటి తీసి పెట్టారు. బండి వెంటనే స్టార్టయింది. కొత్తొక వింత, పాతొక రోత అన్న మన పెద్దవాళ్లెవరూ ఎంజీబీ నడిపి ఉండరు.

ఇంటికొచ్చాక తమరి ఊరూ పేరూ తెలుసుకుందామని పెట్టె తిప్పి చూశాను. పెట్టెమీద బ్రిటిష్ జెండా యూనియన్ జాక్ ఉంది, పాతకాలపు అక్షరాల్లో "క్లాసిక్" అని ఉంది. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఏ ప్లాస్టిక్కో లేదు. అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను.

"తయారీ ఎవరిదండీ?"

"మా సప్లయర్‌ది."

"మీ సప్లయర్‌కి ఎవరిస్తారు?"

"అది చెప్పకూడదండీ."

తీరా చూస్తే ఒకే అచ్చులో పుట్టిన తమరే వేరువేరు దుకాణాల్లో, వేరువేరు పెట్టెల్లో, వేరువేరు ధరలకు కొలువుదీరి ఉన్నారు. ఖరీదైన పెట్టెలో ఉన్నది మంచిదనుకుని దాన్ని కొన్నవాళ్లు కూడా మోటర్‌వే పక్కనే నిలబడ్డారు, కాకపోతే కాస్త ఎక్కువ ఖర్చుతో. వారంటీ ఉంది, కాదనను. తమరిని వెనక్కి పంపితే అదే లాట్‌లోంచి తమరి కవల సోదరుణ్ని పంపిస్తారు. వ్యాన్ ఖర్చు, పాడైన ఆదివారం, ఇంటావిడ మౌనం వారంటీలోకి రావు.

తమరికొచ్చిన ఐదు నక్షత్రాల రివ్యూలు కూడా చదివాను. "త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది." పార్సిల్ విప్పిన సాయంత్రమే రాసినవి. ఆ నక్షత్రాలు న్యాయంగా పోస్ట్‌మన్‌కి చెందాలి.

మాది విజయవాడ. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు ముందు నిలబడి రోటర్ అడిగితే, కౌంటర్ వెనకాయన తలెత్తకుండానే "కంపెనీదా, లోకలా?" అంటాడు. ధర విని మనం నసిగితే, "ఢిల్లీ మాల్ కూడా ఉంది, సగం రేటు. గ్యారంటీ మాత్రం అడగొద్దు, ఊరు దాటితే మీ ఇష్టం" అని ముందే చెప్పేస్తాడు. మూడూ బల్లమీద పెడతాడు, మన జేబును బట్టి, మన ధైర్యాన్ని బట్టి ఏరుకుంటాం. ఆగితే ఎందుకాగిందో మనకు తెలుసు. డూప్లికేట్‌ను డూప్లికేట్ అని చెప్పి అమ్మే మర్యాద అక్కడుంది. ఇక్కడ మాట తీరంతా మహా మర్యాద, "డియర్ కస్టమర్" లేకుండా వాక్యం మొదలవదు, కానీ సరుకు ఏ రకమో ఒక్కడూ చెప్పడు.

మా నాన్నగారి అంబాసిడర్ బాగుచేసిన మెకానిక్ బాబాయికి బోనెట్ కింది ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. "ఇదేంట్రా, మన అంబాసిడర్ ఇంజినే కదా! ఇంగ్లండు పోయి కూడా దీన్నే పట్టుకున్నావా?" అన్నాడు. నిజమే. అంబాసిడర్‌ది 1489 సీసీ, ఎంజీబీది 1798 సీసీ, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజిన్ల కుటుంబమే. నా బాధ విని బాబాయి ఒక సూత్రం చెప్పాడు. "బాగా పనిచేస్తున్న పాతదాన్ని ఎవడు పారేయమన్నాడ్రా? కొత్తది ఒక ఎండాకాలం గడిపేదాకా పాతది డిక్కీలో ఉండాలి."

మంచివాళ్లు లేకపోలేదు. ఇప్పుడు విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ కంపెనీవాళ్లు 1988 నుంచి ఎంజీబీ బాడీషెల్ మొత్తాన్ని అసలు ఫ్యాక్టరీ అచ్చులతోనే కొత్తగా కొట్టి ఇస్తున్నారు. పూర్తి బాడీ దొరుకుతుంది గానీ నమ్మదగిన రోటర్ సులువుగా దొరకదు, ఈ వింత చూడండి. మా బండి జంట ఎస్‌యూ కార్బ్యురేటర్ల భాగాలు సాల్స్‌బరీలో ఇప్పటికీ తయారవుతాయి. సెప్టెంబరులో బ్యూలీ ఆటోజంబుల్‌కి వెళ్తే, 1967లో మొదలైన ఆ సంతలో, పెట్టె చివికిపోయినా లోపల సరుకు చెక్కుచెదరని పాత స్టాక్ దొరుకుతుంది, ఓపికుంటే. రివెట్ లేకుండా ఎర్రటి రోటర్లు చేసి పేరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఎరుపుకి గిరాకీ రాగానే తమరి బంధువులు కొందరు ఎర్రరంగు పూసుకుని బజారుకెక్కారు. తెలివైన కుటుంబం.

రబ్బరు బుష్‌ల గురించి, పెట్రోలు పైపుల గురించి ఇక్కడ ఎత్తను. 2021 సెప్టెంబరులో ఇక్కడ మామూలు పెట్రోలు ఇ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయ్యాక ఆ కథ వేరే ఉత్తరానికి సరిపోతుంది.

మా పాత బండ్లవాళ్ల జాతి కూడా తక్కువదేమీ కాదులెండి. వేల పౌండ్లు పోసి రంగు వేయించినవాడు, రోటర్ దగ్గరికి వచ్చేసరికి "తక్కువ ధర ముందు" అనే బటన్ నొక్కుతాడు. తమరు పుట్టింది ఆ బటన్ కోసమే. కానీ ఆ బటన్ పక్కన "ఎవరు చేశారు" అనే బటన్ ఏ దుకాణమూ పెట్టలేదు, పెట్టి ఉంటే ఎవరు ఏది నొక్కేవారో చూసేవాళ్లం. ఇప్పుడు నేను ఫోన్ చేసి ఒక్కటే అడుగుతున్నాను: "ఇది మీ సొంత బండిలో వేశారా?" చాలామంది లైన్ కట్ చేస్తారు. ఒకాయన మాత్రం కాసేపాగి, "మా దగ్గరున్నది తీసుకోకండి, పాతది వెతుక్కోండి" అన్నారు. ఆ రోజు నుంచి మిగతా సామానంతా ఆయన దగ్గరే కొంటున్నాను.

కాబట్టి తమరి యజమానులకు నా మాటగా చెప్పగలరు: పెట్టెమీద జెండా తీసేసి, ఆ చోట తయారుచేసినవాడి పేరు, ఊరు, నెల, సంవత్సరం అచ్చు వేయించమనండి. ధర రెండింతలు చేసినా బేరమాడను.

ఇట్లు,
డిక్కీలో మూడు పాత రోటర్లతో తిరుగుతున్న ఒక ఎంజీబీ యజమాని

తా.క.: తమరి పక్కింటి కండెన్సర్ గారికి కూడా నా నమస్కారాలు. ఆయన చల్లగా ఉన్నప్పుడే అందజేయగలరు, వేడెక్కితే ఆయనా పనిచేయరు.