ఆ తీర్మానాన్ని మళ్ళీ చర్చకు పెట్టండి

ఉగాది సంబరాల రోజు మన తెలుగు సంఘం జనరల్ బాడీ మీటింగులో ఒక తీర్మానం చర్చ లేకుండానే వీగిపోయింది. ఇక్కడే డాలస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగమ్మాయి, జనం ప్రమాదాన్ని ఎలా అంచనా వేస్తారు, నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అన్న విషయం మీద పనిచేస్తోంది. ఫెడరల్ గ్రాంటు ఆగిపోయింది. మన చారిటీ ఫండ్ నుంచి ఏడాది ఫెలోషిప్ ఇద్దామంటే, "నిర్ణయం తీసుకోవడానికి కూడా రీసెర్చా అండీ, ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?" అన్నారొకరు. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని ఉంది. నాకు చాలా బాధేసింది.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. నాన్నకి గుంటూరులో బైపాస్ చేయాలన్నారు. డాక్టరు అన్నయ్యతో "వందలో అయిదుగురు దక్కరు" అన్నారు. అదే ఆసుపత్రిలో ఇంకో డాక్టరు బాబాయితో "95 శాతం సక్సెస్, ఏం పర్లేదు" అన్నారు. రెండూ ఒకే లెక్క. అన్నయ్య వద్దంటాడు, బాబాయి చేయించేద్దామంటాడు. డాలస్ నుంచి నేను, సిడ్నీ నుంచి చెల్లి, రాత్రంతా వాట్సాప్ కాల్‌లో ఒకటే వాదన, ఒకటే టెన్షన్. అత్తయ్య పంచాంగం చూసి వర్జ్యం లేని వేళ చెప్పాక అమ్మ కాస్త కుదుటపడింది. అందుకు అత్తయ్యకి నేను రుణపడి ఉంటాను. కానీ పక్క గదిలో ఉన్న నాన్నని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు! ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక అన్నారు, "నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదరా" అని.

అన్నయ్య, బాబాయి తెలివితక్కువవాళ్ళు కాదు. 1982లోనే మెక్‌నీల్, ట్వర్‌స్కీ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇదే చూపించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషనా, రేడియేషనా అని అడిగారు. బతికేవాళ్ళ లెక్క చెప్తే ఆపరేషన్ వైపు మొగ్గినవాళ్ళు ఎక్కువ, చనిపోయేవాళ్ళ లెక్క చెప్తే తక్కువ. డాక్టర్లు కూడా అంతే.

ఇలాంటి పనికి మందుల కంపెనీలు ఎందుకిస్తాయి? అమ్ముకోవడానికి ఇందులో ఏమీ ఉండదు. అందుకే పరిశోధనలకి గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్‌లో (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) డెసిషన్, రిస్క్ అండ్ మేనేజ్‌మెంట్ సైన్సెస్ పేరుతో ఒక ప్రోగ్రామే పెట్టారు. 2025లో ఆ ఎన్‌ఎస్‌ఎఫ్ వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దుచేసింది. 2026కి దాని బడ్జెట్‌ని దాదాపు 900 కోట్ల డాలర్ల నుంచి 390 కోట్లకి దించాలని వైట్‌హౌస్ ప్రతిపాదించింది.

ఫెలోషిప్‌కిచ్చే డబ్బుతో ఊళ్ళో బడికి గదులు కట్టొచ్చు, తుఫాను సాయం పంపొచ్చు అన్నారు కొందరు. న్యాయమైన మాటే. కానీ తుఫాను సంగతే చూడండి. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. 1990 మే తుఫానుకి లక్షమందికి పైగా ముందే తరలించారు, పోయినవాళ్ళు వెయ్యి లోపే. తుఫాను ఎటొస్తుందో ఉపగ్రహం చూపిస్తుంది. పడవా వలా వదిలి రమ్మంటే మత్స్యకారుడు ఎందుకు కదలడో, ఎలా చెప్తే కదులుతాడో తెలుసుకోవడం ఈ అమ్మాయి లాంటివాళ్ళ పని. అది కూడా తుఫాను సాయమే అని నా నమ్మకం.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. దసరా మీటింగులో ఆ తీర్మానం మళ్ళీ పెట్టండి. ముందు ఆ అమ్మాయిని పది నిమిషాలు మాట్లాడనివ్వండి, తర్వాత ఓటేద్దాం. పూర్తి ఫెలోషిప్ కుదరకపోతే వేసవి నెలల స్టైపెండైనా ఇద్దాం. మొదటి చెక్కు నేను రాస్తాను.